రాణమ్మ గొంతు పోయిన రోజు

ఇప్పుడంటే ఎవరి గొంతు కావాలన్నా ఫోనులో ఏదో ఒక బొమ్మ మీద వేలు పెడితే వచ్చేస్తోంది. మా పడుచుదనంలో ఆ సౌకర్యం లేదు. ఇంకొకరి గొంతు కావాలంటే మన గొంతునే పిండుకోవాలి, వంచుకోవాలి, మర్నాడు ఉప్పునీళ్ళు పుక్కిలించి దాన్ని మళ్ళీ మన దారికి తెచ్చుకోవాలి. హోసూరులో మోటారు సైకిళ్ళ విడిభాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నేను కొత్తగా పనికి చేరిన రోజులవి. మామూలు రోజుల్లో నా గొంతు నాదే. ఆదివారాలూ, పెళ్ళి ముహూర్తాలూ వచ్చాయంటే మాత్రం అది రాణమ్మది.

రాణమ్మ అంటే సినిమా తార. అసలు పేరు వేరే. తమిళంలోనూ తెలుగులోనూ వరసగా మహారాణి వేషాలు వేసేసరికి మా వైపు జనం ఆ పేరు మరిచిపోయి రాణమ్మ అని ఖాయం చేసేశారు. (ఆమె కూలిమనిషిగా నటించిన సినిమా చూస్తూ కూడా, “రాణమ్మ ఎట్ల మట్టి మోస్తా ఉండాది చూడప్పా పాపం” అన్నవాళ్ళే మావాళ్ళు.) ఆమె గొంతు అడుగంటిన పాయసంలాంటిది. కొంచెం మాడు వాసన, దాని మీద చెప్పలేనంత తీపి. ఇక ఆమె నవ్వు మేడమెట్లు ఎక్కినట్టు ఒక్కొక్కటిగా పైకి పోయి, పైన ఒక్క క్షణం ఆయాసం తీర్చుకుని, గబగబా కిందికి దిగేది.

ఆ గొంతు నాకు పట్టుబడటానికి కారణం కళ కాదు, కరెంటు. మాది హోసూరు పక్కనే డ్యామున్న కెలవరపల్లి. నాయన డ్యాము కింద క్యాబేజీ, రోజాలు పెట్టేవాడు. అమ్మ నా పసితనంలోనే పోతే అవ్వ పెంచింది. అవ్వకు కళ్ళు మసక. టీవీ ముందు కూర్చున్నా ఆమె చూసేది తక్కువ, వినేది ఎక్కువ. ఒక మధ్యాహ్నం సినిమాలో రాణమ్మ నిండు సభలో మంత్రిని నిలదీస్తుండగా కరెంటు పోయింది. “అయ్యో, ఆ దొంగనాకొడుకును ఇంగ ఎవురు అడుగుతారప్పా!” అని అవ్వ నిజంగానే బాధపడింది. ఆ బాధ చూడలేక, తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు గనుక, మిగతా సభ నేనే నడిపేశాను. మంత్రిని తిట్టాను, క్షమించాను, చివర్లో మెట్ల నవ్వు కూడా నవ్వాను. అవ్వ చెయ్యి చాచి నా మొహం తడిమింది. తర్వాత, “కరెంటు రాకపోతే పోనీలేరా. ఇంగొగ సినిమా చెప్పు” అంది. ఆ ఏడాది మా ఊళ్ళో కరెంటు పోవడం కోసం ఎదురుచూసిన ఇల్లు మాదొక్కటే.

ఫ్యాక్టరీ వార్షికోత్సవంలో నేను చేసిన రాణమ్మను విని, ఆ రోజు పాటలు వాయించడానికి వచ్చిన కీబోర్డ్ మాస్టరు నన్ను పక్కకు పిలిచాడు. జూజువాడి చెక్‌పోస్టు దగ్గర పంక్చర్ అంగడి పైన ఆయన ఆర్కెస్ట్రా ఆఫీసు. “మా ట్రూపులో రాణమ్మ చేసే పాపకు పెండ్లైపోయెనప్పా. సీటు ఖాళీగా ఉండాది. గొంతొకటే చేస్తే జనాలు కూచోరు, చీర కట్టల్ల” అన్నాడు. సినిమాల్లో వేషం కోసం మద్రాసు పోయి ప్లాట్‌ఫారాల మీద పడుకున్నవాళ్ళ కథలు విన్నాను. నాకు మాత్రం వేషం పంక్చర్ అంగడి పైనే దొరికింది.

మొదటి ప్రదర్శన జూజువాడిలో, లారీల వాళ్ళ ఆయుధపూజకు. షిఫ్టు ముగించుకుని నేరుగా పోయాను. మాస్టరు భార్య నన్ను ఒక కుర్చీ ముందు నిలబెట్టి, తన పట్టుచీర చుట్టి, ఒంటి నిండా పిన్నులు గుచ్చి, “ఊపిరి గట్టిగా తీసుకోవాకు నాయనా, పిన్నులు పొడుస్తాయి” అని దీవించి పంపింది. విగ్గు, కిరీటం, గాజులు, అన్నీ కుదిరాయి. రాజసంగా నాలుగడుగులు వేశానో లేదో, ముందు వరసలో ఒక డ్రైవరు కుచ్చెళ్ళ కింద చూసి, “రాణమ్మా, నీకు ఏ కంపెనీలోనమ్మా పని?” అని అరిచాడు. చూసుకుంటే కాళ్ళకు ఫ్యాక్టరీ బూట్లు, ఇనుప ముక్కుతో సహా అలాగే ఉన్నాయి. చెమట పట్టింది. పారిపోదామంటే పిన్నులు. ఏం చెయ్యాలో తోచక ఆమె గొంతులోనే, “మహారాణులకు కూడా షిఫ్టు ఉంటుంది నాయనా!” అన్నాను. లారీల మీద కూర్చున్నవాళ్ళు కూడా దిగి వచ్చి చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత బూట్లు నా వేషంలో భాగమైపోయాయి. వేసుకోకుండా వస్తే, “బూట్లు యాడమ్మా?” అని అడిగేవాళ్ళు.

బయట పేరు పెరుగుతోంది గానీ, ఇంట్లో మీసం గొడవ మొదలైంది. నాయన మాట తక్కువ మనిషి. ఒక పొద్దున రాగిముద్ద తింటూ నా మొహం వంక చాలాసేపు చూసి, “మీసం యాడరా?” అన్నాడు.

“కంపెనీలో మొగానికి మాస్కు కట్టుకోవల్ల నాయనా. అడ్డం వస్తా ఉండాదని తీసేసినాను.”

“ఆ ఎగువింటి ఆయప్ప కూడా మీ కంపెనీనే కదరా. ఆయనకు గుబురు మీసముండాదే?”

“ఆయన వేరే డిపార్టుమెంటు.”

నాయన ముద్ద ముగించి లేచిపోయాడు. తర్వాత ఎప్పుడో హోసూరు మార్కెట్లో క్యాబేజీ మూటలు దించుతుంటే ఎవరో ఫోనులో నా ఆట చూపించి, “మీవాడు భలే ఆడదయ్యా!” అన్నారట. ఇంటికి వచ్చి తిట్టలేదు, కొట్టలేదు. నాతో మాట్లాడటం మానేశాడు. (మాట తక్కువ మనిషి మాట మానేస్తే ఆ సంగతి తెలియడానికే నాకు చాలా రోజులు పట్టింది.) అవ్వ మధ్యలో ఉండి, “వాడు దొంగతనం చేసినాడా? దొమ్మీ చేసినాడా? నవ్విస్తా ఉండాడు, అంతే కదరా” అని కొడుకును మెత్తబరచాలని చూసేది. నాయన తలగుడ్డ చుట్టుకుని పొలానికి పోయేవాడు.

ఇలా ఉండగా కృష్ణగిరిలో ఒక పెద్ద పట్టుచీరల అంగడి తెరుస్తున్నారని, రిబ్బను కత్తిరించడానికి సాక్షాత్తూ రాణమ్మే వస్తోందని, ఆమె వచ్చేదాకా జనాన్ని కూర్చోబెట్టే పని మా ట్రూపుదని మాస్టరు కబురు తెచ్చాడు. నేను ఎగిరి గంతేశాను. ఆయన నన్ను కిందికి దించాడు. “నువ్వు ఆడ రాణమ్మ చేసినావంటే అయిపోతివి. సేలంలో ఎవురో ఆమె మాదిరి చేస్తే స్టేజీ ఎక్కి విగ్గు పెరికి చేతిలో పెట్టెనంట. ఆ దినము నువ్వు కాకి, కుక్క, రైలు, విమానము. అంతే.” సరే, రైలైనా ఆమె సభలో కూసే రైలే కదా అనుకుని ఒప్పుకున్నాను.

అవ్వకు మాత్రం మనసు ఆగలేదు. “చచ్చేలోపల ఆమెను ఒగ తూరి దగ్గరగా చూడల్ల. కండ్లు కనపడకపోతే ఏమి, వినిపిస్తుంది కదా” అని పట్టుపట్టింది. ఆమెను ఒంటరిగా బస్సెక్కించలేక నాయన కూడా బయల్దేరాడు. అలా నా ఆట ఒక్కసారి కూడా ఎదురుగా చూడని నాయన, ఒక్క రాణమ్మను తప్ప అన్నీ చేయాల్సిన రోజునే, ముందు వరసలో కూర్చున్నాడు.

అంగడి ముందు రోడ్డు మీదే స్టేజీ. దాని వెనక అలంకారంగా పట్టుచీరలు తెరల్లా వేలాడదీశారు. ఎండ మండిపోతోంది. నేను కాకినయ్యాను, కుక్కనయ్యాను, రైలునై జోలార్‌పేట జంక్షను దాకా పోయి వచ్చాను. నాయన మొహంలో ఏ స్టేషనూ కనిపించలేదు. జనం కూడా, “రాణమ్మ యాడప్పా?” అని విసుక్కుంటున్నారు. చివరికి కారు వచ్చింది. ఈలలు, పూలు, తోపులాట. ఆమె చేయి ఊపుతూ నేరుగా అంగడిలోకి వెళ్ళిపోయింది. మరుక్షణం అంగడి యజమాని తల పట్టుకుని మా వెనకవైపు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“మాస్టరూ, మునిగిపోతిమి! ఆమెకు గొంతు లేదు!”

ఊటీలో వాన పాటలో రెండు రోజులు తడిసిందట. గొంతు పూర్తిగా కట్టుకుపోయి ఊపిరి తప్ప మాట రావడం లేదట. బయట జనమేమో ఆమె పాత సినిమాలోని సింహాసనం డైలాగు చెప్పాల్సిందేనని అడ్డంగా కట్టిన ఇనుప కడ్డీలు పట్టుకుని ఊపుతున్నారు. కడ్డీల వెనకే కొత్తగా బిగించిన అద్దాల తలుపులు. “ఆమె మాట్లాడకపోతే నా అద్దాలు మిగలవప్పా” అని ఆయన ఏడుపు మొహం పెట్టాడు. మాస్టరు నా వైపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

రెండు నిమిషాల్లో నేను అంగడి లోపల, చీరల గుట్టల మధ్య, రాణమ్మ ముందు నిలబడి ఉన్నాను. దగ్గరగా చూస్తే ఆమె నేననుకున్నంత పొడుగు లేదు. కళ్ళు మాత్రం అవే, మంత్రిని నిలదీసిన కళ్ళు. వేడినీళ్ళ గ్లాసు పట్టుకుని, మొదలుపెట్టమన్నట్టు చెయ్యి ఊపింది. సేలం విగ్గు గుర్తొచ్చి నా చెయ్యి దానంతటదే నెత్తి మీదికి పోయింది. (నాది సొంత జుట్టే. అయినా భయం.) కళ్ళు మూసుకుని చెప్పేశాను. “నా సింహాసనం అడిగారు, ఇచ్చాను. నా కిరీటం అడిగారు, ఇచ్చాను. నా మాట అడిగితే మాత్రం... అది నాతోనే ఉంటుంది నాయనా!” దాని మీద మెట్ల నవ్వు కూడా నవ్వాను.

కళ్ళు తెరిచేసరికి ఆమె నన్నే చూస్తోంది. దగ్గరికి రమ్మని, చెవిలో ఊపిరితో అంది. “ఆ నవ్వు పదేళ్ళ కిందటిది బాబూ. ఇప్పుడు నేను అన్ని మెట్లు ఎక్కడం లేదు. మోకాళ్ళ నొప్పి.”

ఏర్పాటు ఇదీ. ఆమె చేతిలో కట్టేసిన మైకు. చీరల తెర వెనక నా చేతిలో పనిచేసే మైకు. నమస్కారం, అంగడికి నాలుగు మంచి మాటలు, డైలాగు, సగం మెట్ల నవ్వు, అయిపోయింది. రెండు చీరల మధ్య సందులోంచి నాకు ఆమె వీపు, ముందున్న జనం కనిపిస్తారు. పెదవులు కనిపించవు. ఆమె చెయ్యి ఎత్తితే మొదలు, దించితే ఆపు.

మొదలుపెట్టాను. “నమస్కారం!” అనగానే రోడ్డంతా ఊగిపోయింది. నాకు కూడా ఊపు వచ్చేసింది. అంగడిని పొగిడాను, చీరలను పొగిడాను, కృష్ణగిరి మామిడిపండ్లను కూడా పొగిడాను. (అది మా ఒప్పందంలో లేదు.) మధ్యలో ఆమెకు దాహమేసి గ్లాసు ఎత్తి తాగుతోంది. ఎత్తిన చెయ్యి చూసి, మాట్లాడమంటోంది కాబోలు అని నేను ఇంకా మాట్లాడుతున్నాను! “నీళ్ళు తాగతానే మాట్లాడతా ఉండాదే, ఏమి ప్రాక్టీసప్పా!” అని ఒకాయన పక్కవాడితో ఆశ్చర్యపోవడం నాకు తెర వెనక్కి వినిపించింది. గండం గడిచింది. డైలాగు చెప్పాను. సింహాసనం ఇచ్చాను, కిరీటం ఇచ్చాను, “అది నాతోనే ఉంటుంది నాయనా!” అని ముగించాను. ఈలలు మొదలయ్యేలోపల ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ముందు వరస నుంచి మా అవ్వ గొంతు.

“ఇది మా వాని గొంతు కదప్పా! ఒరే, యాడుండావురా?”

నలుగురు తలలు తిప్పారు. “ఏమవ్వా అంటా ఉండావు?” అని ఎవరో అడిగారు. “మా మనవడప్పా! కరెంటు పోయినప్పుడు నాకు చెప్తాడే, అదే గొంతు. ఆ తెర వెనకాల చూడండి!” అంది అవ్వ సంబరంగా. ఆమెకు అది పట్టివ్వడం అని తెలియదు. మనవణ్ణి కనిపెట్టాననే సంతోషం. ఇద్దరు కుర్రాళ్ళు కడ్డీల మీదికి ఎక్కి తెర వైపు తొంగిచూడబోయారు. అంగడి యజమాని తన అద్దాల తలుపులకు అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు. నాకు మాత్రం అద్దాలు కాదు, మర్నాటి పేపరు కనిపించింది. రాణమ్మ పరువు పోతుంది, మాస్టరు ట్రూపు పోతుంది, ఇక ఏ మొహంతో నాయన ముందు ముద్దకు కూర్చోవడం?

అప్పుడు నాయన లేచి నిలబడ్డాడు. నాతో నెలలుగా ఒక్క మాట మాట్లాడని మనిషి, జనం వైపు తిరిగి, తలగుడ్డ తీసి, పొలంలో కాకుల్ని తోలే గొంతుతో అరిచాడు.

“ఏమప్పా, ముసిలామెకు కండ్లు ఆనవు, చెవులూ అంతంతే. మా ఇంట్లో కోడి కూసినా మనవడే అంటాది. దిగండి, దిగండి! రాణమ్మను మాట్లాడనియ్యండి!”

“నా చెవులకేమొచ్చెరా?” అని అవ్వకు రోషం వచ్చింది.

జనం నవ్వారు. కుర్రాళ్ళు దిగారు. అయితే అవ్వ ఊరుకునేలా లేదు, మళ్ళీ నోరు తెరవబోతోంది. అది చూసిన రాణమ్మ స్టేజీ మెట్లు దిగి, నేరుగా అవ్వ దగ్గరికి పోయి, చేతిలో మైకుతోనే ఆమె రెండు చేతులూ పట్టుకుంది. చెయ్యి ఎత్తలేదు, దించలేదు. ఏదో ఒకటి మాట్లాడాలి. ఏం మాట్లాడాలో మేము అనుకోలేదు. ఎదురుగా ఉన్నది నా అవ్వ. ఎండకు మొహం ఎర్రబడి ఉంది. నా నోటికి ఏం వచ్చిందో నాకు తెలియకుండానే, రాణమ్మ గొంతులో, మా ఇంటి మాట వచ్చేసింది.

“ఏమవ్వా, బాగుండావా? బువ్వ తింటివా? ఈ ఎండలో ఏంటికి వచ్చినావు, సుమ్మా ఇంట్లో ఉండేదానికి లేదా?”

అన్న తర్వాత నాలుక కరుచుకున్నాను. సినిమాల్లో గ్రాంథికం దిగని మహారాణి, ఎక్కడో కోస్తాలో పుట్టిన మనిషి, ‘ఊరికే’కు ‘సుమ్మా’ అంటూ కెలవరపల్లి వీధి మాట్లాడేసింది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒక ముసలాయన గొంతు లేచింది.

“మన మాటేనప్పా మాట్లాడతా ఉండాది! మన ఊరి బిడ్డరా ఇది!”

ఆ తర్వాత లేచిన అరుపులకు తెర చీరలు కూడా ఊగాయి. అవ్వ మాత్రం తాపీగా, తన భుజం మీద వాలిన ఆమె చెంపలు తడిమి, “తిన్నాను తల్లీ. నువ్వు తింటివా?” అంది. అవ్వ ఎవరిని అడిగిందో, ముందున్న మనిషినో వెనకున్న గొంతునో, నేను తర్వాత ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

లోపలికి వచ్చాక రాణమ్మ కుర్చీలో కూలబడి నవ్వింది. శబ్దం లేదు, భుజాలు మాత్రం అదిరిపోతున్నాయి. కళ్ళు తుడుచుకుని నన్ను దగ్గరికి పిలిచి, “నేను పెదవులు కదిపింది ‘నమస్కారం తల్లీ’ అని మాత్రమే. నువ్వు అంత పొడుగు మాట్లాడితే నా పెదవులు ఎక్కడ దాచుకోను? అందుకే ఆవిణ్ణి కౌగిలించుకుని ఆవిడ భుజం మీద మొహం పెట్టేశాను” అని ఊపిరితోనే చెప్పింది. దండం పెట్టబోతే ఆపి, నా గొంతు మీద వేలు పెట్టి, “దీన్ని వానలో తడపకు” అంది.

బస్సులో అవ్వ కిటికీ పక్కన, నేను మధ్యలో, నాయన చివర. అవ్వ అలిగి పడుకుంది. శూలగిరి దాటేదాకా నాయన రోడ్డునే చూశాడు. తర్వాత మొహం తిప్పకుండానే అన్నాడు.

“‘నాయనా’ అనేదానికి ముందర ఆమె కొంచెం నిలుస్తాదిరా. నువ్వు నిలిచేది చాలదు.”

నేను నోరు వెళ్ళబెట్టాను. “నీకెట్ల తెలుసు నాయనా?”

“ఎట్లేమి? పెండ్లికి ముందర హోసూరు టాకీసులో ఆమెది ఒగ సినిమా కూడా వదల్లేదు.” తలగుడ్డ సర్దుకుని, “మీ అమ్మకు చెప్పలేదు” అన్నాడు. హోసూరు వచ్చేదాకా నేను నిలవడం సాధన చేశాను. ఆయన తల అడ్డంగా ఊపుతూ, మూడు నాలుగుసార్లు దిద్దాడు.

ఆ సంఘటనకు ఒక తోక మొలిచింది. రాణమ్మది మన జిల్లానే అని కృష్ణగిరి అంతా పాకిపోయింది. కొందరు ఆమె అమ్మగారి ఊరు కల్లావి అన్నారు. కల్లావిలో ఒకాయన, ఆమె తనకు మేనత్త కూతురవుతుందని, చిన్నప్పుడు కలిసి చింతకాయలు కొట్టామని ప్రమాణం చేసి చెప్పాడట. ఊరివాళ్ళు మురిసిపోయి, సంత పక్కన కట్టిన కల్యాణమండపం తెరవడానికి ఆమెనే పిలిచారు. ఒకరోజు మాస్టరు ఫోనులో ఆమె నన్ను అడిగింది. “బాబూ, నన్ను మీ ఊరి ఆడపడుచును చేసి కూర్చోబెట్టావు. ఈసారి గొంతు ఉంది గానీ మాట లేదు. నేర్పు.”

అలా నేను రాణమ్మకు గురువునయ్యాను. టీ విరామంలో ఫ్యాక్టరీ గోడ పక్కన నిలబడి, ఫోనులో పాఠాలు. “ఎక్కడ కాదమ్మా, యాడ.” “యాడ.” “ఉన్నాను కాదు, ఉండాను.” “ఉండాను. ఎందుకు ఉండాను?” “ఎందుకు కాదమ్మా, ఏంటికి.” ఆమె పట్టుదల చూడాలి. ఒక్క ‘వచ్చినాను’ కోసం వచ్చిన దారినే మళ్ళీ మళ్ళీ వచ్చేది. కడకు ఒక రోజు ఆమె, “సుమ్మా ఉండప్పా, నాకు తెలుసు!” అని కసిరింది. అది అచ్చం నా గొంతు, నా యాస. జీవితంలో నన్ను ఎవరైనా అనుకరించడం అదే మొదలు. ఎంత మురిసిపోయానంటే ఆ పూట షిఫ్టులో రెండు పెట్టెల మీద చీటీలు తారుమారుగా అంటించాను.

కల్లావి సభకు ట్రూపు లేదు, తెర లేదు. నేను జనంలో ఒకణ్ణిగా వెళ్ళి టీ అంగడి దగ్గర నిలబడ్డాను. రాణమ్మ మైకు అందుకుని, తన సొంత గొంతుతో, “ఏమప్పా, అందరూ బాగుండారా? మిమ్మల్ని చూసేదానికే వచ్చినాను!” అంది. ఒక్క అక్షరం పొల్లు పోలేదు. ఊరు ఊరంతా ఈల వేసింది. నా కళ్ళు చెమర్చాయి. అప్పుడు నా పక్కన తుండుగుడ్డ భుజాన వేసుకున్న ఒక పెద్దాయన పెదవి విరిచి, నాతో అన్నాడు.

“గొంతు బాగలేదప్పా ఈ తూరి. పోయిన తూరి కృష్ణగిరిలో మాట్లాడెనే, అది గొంతు!”

నేను ఆయనకు టీ చెప్పాను. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు గానీ తీసుకున్నాడు. రెండు గుక్కలు తాగి, “ఆ నవ్వు కూడా అప్పట్లోదే బాగుండె” అన్నాడు. నేను బజ్జీలు కూడా చెప్పాను.

ఇప్పుడు నేను ఫ్యాక్టరీలో షిఫ్టు పెద్దను. కుర్రాళ్ళను కసిరే గొంతు తప్ప ఇంకో గొంతు నాలో ఉందని వాళ్ళలో ఎవరికీ తెలియదు, నేనూ ఎత్తడం లేదు. అప్పుడప్పుడు కల్లావిలో ఆ మధ్యాహ్నం మాత్రం గుర్తొస్తుంది. స్టేజీ మీద అంత పెద్ద తార నిలబడి ఉంటే, అటు చూడకుండా, బజ్జీ నములుతున్న ఒక ముసలాయన నోటి వంక, ఇంకొక్క మాట అంటాడేమోనని ఆశగా చూస్తూ నిలబడ్డ ఆ సన్నటి కుర్రవాడు. వాడు ఇప్పుడు ఎదురైతే వాడికి కూడా ఒక టీ చెబుదును.